శుక్రవారం పంచాయితీ
చంద్రయాన్ నుంచి ఏఐ దాకా... బహ్రెయిన్‌లోని అద్లియాలో తెలుగువాళ్లు సైన్సు వార్తల మీద ఏమని వాదించుకుంటున్నారు?

మన దగ్గర రాత్రి తొమ్మిదింటి వార్తలు అద్లియాలో సాయంత్రం ఆరున్నరకే వచ్చేస్తాయి. రెండున్నర గంటల తేడా. హైదరాబాదులో యాంకరు గొంతు చించుకునే వేళకి ఇక్కడ సగం మంది డ్యూటీ దిగుతుంటారు, సగం మంది ఎక్కుతుంటారు. ఆ వార్తల తాలూకు ముక్కలు ఫోన్లలో తిరిగి తిరిగి, వాటికి నాలుగు అబద్ధాలు కూడా అతుక్కుని, శుక్రవారం నాటికి బాగా పండుతాయి.

అద్లియా మనామా నగరంలో భోజనశాలల పేట. బ్లాక్ 338 అని పిలిచే వీధుల్లో ఇటలీ వంట పక్కన జపాను వంట, దాని పక్కన లెబనాను వంట. మధ్యలో చిత్రకళా గ్యాలరీలు, గోడల నిండా రంగుల బొమ్మలు. సాయంత్రమైతే కార్లు పెట్టడానికి చోటుండదు. ఆ కార్లను తీసుకెళ్లి పెట్టేవాళ్లలో, ఆ వంటిళ్లలో ఉల్లిపాయలు తరిగేవాళ్లలో, లెక్కలు రాసేవాళ్లలో, వెనక సందుల్లో ఫ్లాట్లు పంచుకుని ఉండే ఇంజినీర్లలో, నర్సుల్లో తెలుగువాళ్లున్నారు. కడప, కోనసీమ, జగిత్యాల, నిజామాబాదు, శ్రీకాకుళం... జిల్లా చెప్పకపోయినా రెండో మాటకే యాస చెప్పేస్తుంది.

ఆఫీసుల వాళ్లకు శుక్రవారం సెలవు. హోటళ్ల వాళ్లకు ఆ రోజే పని ఎక్కువ. కానీ మధ్యాహ్నం భోజనాలకీ రాత్రి భోజనాలకీ మధ్య మూడు నాలుగు గంటల ఖాళీ ఉంటుంది. దాన్ని బ్రేక్ డ్యూటీ అంటారు. రూముకెళ్లి పడుకుందామంటే నిద్ర పట్టదు, బయట తిరుగుదామంటే ఎండ. కోల్డ్ స్టోర్ నీడలో, అంటే మన కిరాణా కొట్టు లాంటి దుకాణం ముందు, కరక్ చాయ్ పట్టుకుని నిలబడతారు. ఒకరు ఫోను తీస్తారు. పంచాయితీ మొదలవుతుంది. వాదనలో రాకెట్లుంటాయి, టీకాలుంటాయి, కృత్రిమ మేధ ఉంటుంది. కాసేపు నిలబడి వింటే మాత్రం తగువు వాటి మీద కాదని అర్థమవుతుంది. బిల్లు ఎవరి పేరున వస్తుందన్నదే అసలు తగువు.

చంద్రుడి ఖర్చు

2023 ఆగస్టు 23, బుధవారం. విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగినప్పుడు మన గడియారంలో సాయంత్రం 6 గంటల 4 నిమిషాలు. బహ్రెయిన్‌లో 3.34. సరిగ్గా బ్రేక్ డ్యూటీ వేళ. ఇస్రో ముహూర్తం పెట్టింది గల్ఫు వంటవాళ్ల కోసమేనేమో అన్నట్టు కుదిరింది. నాలుగు రోజుల ముందే రష్యా వాళ్ల లూనా-25 కూలిపోయి ఉండటంతో ఉత్కంఠ ఇంకాస్త పెరిగింది. దిగింది, చప్పట్లు కొట్టారు, ఎవరో మిఠాయి పంచారు. ఆ సంబరం చల్లారేలోపే తగువు లేచింది.

తగువు తిరుమల గురించి. ప్రయోగానికి ముందురోజు, జూలై 13న, ఇస్రో శాస్త్రవేత్తలు చంద్రయాన్-3 నమూనా పట్టుకుని శ్రీవారి దర్శనానికి వెళ్లారు. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికీ వెళ్లారు. తిరుమల ఫొటో మళ్లీ ఫోన్లలోకి వచ్చింది. "రాకెట్టు ఎగిరేది ఇంధనంతోనా, హారతితోనా?" అని ఒకరు. "వాళ్ల నమ్మకం వాళ్లది, నీకేంటయ్యా నొప్పి?" అని ఇంకొకరు. మూడో మనిషి, కడప వైపు ఎలక్ట్రీషియన్, ఇద్దర్నీ ఆపి అడిగాడు: "2019లో కూడా పోయినారు కదా గుడికి? అప్పుడెందుకు కూలిపోయె? ఈసారి ఏం మార్చినారో అది చెప్పండి."

నాకు తెలిసి ఆ రోజు టీవీలో గంటల తరబడి సాగిన చర్చల కన్నా ఆ ప్రశ్న మెరుగైంది. జవాబు కూడా ఉంది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ చివరి నిమిషాల్లో అదుపు తప్పింది. దాని మీద ఇస్రో వాళ్లు నెలల తరబడి కూర్చున్నారు. ఈసారి ఏమేం చెడిపోవచ్చో ముందే రాసుకుని, చెడిపోయినా దిగేలా తయారు చేశారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు, అయిదు ఇంజిన్లను నాలుగు చేశారు. దిగాల్సిన చోటు మునుపు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు. దాన్ని నాలుగు కిలోమీటర్లకు రెండున్నర కిలోమీటర్ల మేరకు పెంచారు. గుడికి వెళ్లడం రెండుసార్లూ ఒకటే. మారింది డిజైను. ఈ సంగతి చెప్పాక ఆస్తికుడూ నాస్తికుడూ ఇద్దరూ గెలిచినట్టే మొహాలు పెట్టారు.

జగిత్యాల తమ్ముడికి మాత్రం డబ్బు లెక్క తేలలేదు. "ఆరు వందల పదిహేను కోట్లంట అన్నా. ఓ పెద్ద సినిమా పైసలే గదా. గింత తక్కువల జేసిండ్రంటే మెచ్చుకోవాలె. కనీ మా ఊర్ల బడికి కాంపౌండు గోడ లేదు. ఈ రెండూ ఒక్క దేశమేనా?" ఇస్రో ఖర్చు ఆపినంత మాత్రాన ఆ గోడ లేవదని నాకు తెలుసు, అతనికీ తెలుసు. గోడ లేవకపోవడానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, అడిగేవాడు అక్కడ లేకపోవడం. అడగాల్సినవాడు అద్లియాలో ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

సూళ్లూరుపేట దగ్గరి డ్రైవరు ఒకాయన అప్పటిదాకా నోరెత్తలేదు. చివర్లో ఒక్క మాట అన్నాడు: శ్రీహరికోట దీవిలో మొదట్నుంచీ ఉన్నది యానాదులు. 1969లో ఆ చోటును రాకెట్ల కోసం ఎంచుకున్నాక వాళ్లు తమ అడవికీ చెరువులకూ దూరమయ్యారు. ప్రయోగం జరిగిన ప్రతిసారీ మనం లెక్కించే కోట్లలో ఆ పద్దు ఎక్కడా కనబడదు.

బహ్రెయిన్ మరీ చిన్న దేశం. అయినా 2014లో అంతరిక్ష సంస్థ పెట్టుకుంది. 2025 మార్చి 15న 'అల్ ముంధిర్' అనే సొంత ఉపగ్రహాన్ని అమెరికా రాకెట్ మీద పంపింది. పొడవు 30 సెంటీమీటర్లు. కెమెరా, ఫొటోలను అక్కడికక్కడే విశ్లేషించే ఏఐ, జాతీయగీతాన్ని ప్రసారం చేసే రేడియో దాంట్లో ఉన్నాయి. మనవాళ్లు మొదట నవ్వారు. వంద ఉపగ్రహాలను ఒక్క దెబ్బకు పంపిన దేశం వాళ్లం కదా! ఇంత చిన్న దేశంలో దాన్ని తయారుచేసిన కుర్రాళ్లు స్థానికులేనని తెలిశాక నవ్వు తగ్గింది.

చేతికి పట్టీ, భుజానికి సూది

చంద్రుడి తగువులో ఎవరి ఒంటికీ ఏమీ కాలేదు. కరోనా తగువు అలా కాదు.

2020 ఏప్రిల్‌లో బహ్రెయిన్ ప్రభుత్వం ఇంటి క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చేతులకు ఎలక్ట్రానిక్ పట్టీలు తొడిగింది. 'బీ అవేర్ బహ్రెయిన్' అనే యాప్‌కు ఆ పట్టీ బ్లూటూత్‌తో కలిసి ఉంటుంది. ఫోనుకు దూరంగా కదిలితే కంట్రోల్ రూముకు తెలిసిపోతుంది. క్వారంటైన్ ఉల్లంఘిస్తే మూడు నెలలకు తగ్గని జైలు, లేదా వెయ్యి నుంచి పదివేల దినార్ల జరిమానా, లేదా రెండూ. నెలకు వంద దినార్లు చూసే మనిషికి వెయ్యి దినార్లంటే పది నెలల జీతం, అదీ తినకుండా దాచుకుంటే. ఇది చాలదన్నట్టు రంజాన్ నెలలో టీవీ వాళ్లు 'ఇంట్లోనే ఉన్నారా?' అనే కార్యక్రమం పెట్టారు. యాప్ వివరాల నుంచి నంబర్లు ఎంచి, ఫోను చేసి, ఇంట్లో ఉన్నవాళ్లకు బహుమతులిచ్చారు. ఆ జూన్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పలు దేశాల కరోనా యాప్‌లను పరిశీలించి, జనం మీద నిఘాలో మరీ ఆందోళన కలిగించేవంటూ మూడింటిని పేర్కొంది. అవి బహ్రెయిన్, కువైట్, నార్వే యాప్‌లు. నార్వే తన యాప్‌ను ఆపేసింది.

అద్లియాలో ఈ సంగతి మీద వాదన ఇప్పటికీ తెగలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు అది ఘోరం. "మనం ఎక్కడున్నామో, ఎవరితో ఉన్నామో అన్నీ వాళ్ల చేతిలో పెట్టాం. రోగం పోయాక ఆ వివరాలు ఎక్కడికెళ్లాయని ఎవరైనా అడిగారా?" మంచి ప్రశ్నే. దానికి వంటింటి మనిషి ఒకరు ఇచ్చిన జవాబు నేను మరిచిపోలేను. "మా కాడ దాచుకోనీకి ఏమున్నది సార్? పాస్‌పోర్టే మా కాడ లేకపాయె." ఇంజినీరు ఇంకేమీ అనలేదు. ఎనిమిది మంది ఒక గదిలో పడుకునే చోట వ్యక్తిగత గోప్యత గురించి మాట్లాడాలంటే ముందు మంచానికీ మంచానికీ మధ్య దూరం గురించి మాట్లాడాలి. అప్పట్లో రోగం పాకింది కూడా ఆ దూరం లేకనే.

టీకా దగ్గర కథ మలుపు తిరిగింది. చైనా సంస్థ సినోఫార్మ్ టీకా మూడో దశ ప్రయోగాలు 2020 ఆగస్టులో బహ్రెయిన్‌లో మొదలయ్యాయి. మొదట ఆరు వేల మందనుకున్నారు, తర్వాత ఏడు వేల ఏడు వందలకు పెంచారు. పౌరులతో పాటు ఇక్కడ ఉంటున్న విదేశీయులూ చేరారు. యువరాజు సల్మాన్ బిన్ హమద్ స్వయంగా సూది వేయించుకున్నారు. డిసెంబరు 4న ఫైజర్ టీకాకు అనుమతి ఇచ్చి, బ్రిటన్ తర్వాత ప్రపంచంలో రెండో దేశంగా బహ్రెయిన్ నిలిచింది. పౌరులకూ పరాయివాళ్లకూ అందరికీ ఉచితం. ఒక దశలో ఇక్కడి తెలుగువాడు నాలుగు రకాల టీకాల్లో తనకు కావలసింది ఎంచుకోగలిగాడు. అదే సమయంలో ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు ఒక్క డోసు కోసం తెల్లవారుజామునే వరసలో నిలబడ్డారు.

ఇళ్లలో పనిచేసే కోనసీమ అక్క ఒకావిడ తన పద్ధతి చెప్పింది: "ఏ కంపెనీదో నాకేం తెలుసండి? మా మేడం గారు ఏది ఏయించుకుంటే నాకూ అదే ఏయించమన్నానండి. ఆవిడ పేణం ఆవిడకి తీపే కదండి." శాస్త్రవేత్తల కమిటీలు పేజీలకు పేజీలు రాసే నమ్మకం సూత్రాన్ని ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. నిర్ణయం తీసుకునేవాళ్లు ఆ ఫలితాన్ని తామూ భరిస్తారా లేదా అన్నదే ఆవిడ గీటురాయి.

2021 మే నెలలో వాదన మళ్లీ వేడెక్కింది, ఈసారి రెండు వైపుల నుంచి. ఇక్కడ జనాభాలో చాలామంది టీకా వేసుకున్నాక కూడా కేసులు ఎగబాకాయి. ముందే సినోఫార్మ్ వేసుకున్న పెద్ద వయసు వాళ్లకూ, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకూ ఫైజర్ బూస్టర్ ఇవ్వడం మొదలుపెట్టారు. "అయితే మనకు పొడిచింది ఉత్త నీళ్లా?" అని గొణుగుడు. సరిగ్గా అదే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొణిగి ఆనందయ్య మందు కోసం వేల మంది బారులు తీరారు. అద్లియా నుంచి ఎన్ని ఫోన్లు వెళ్లాయో లెక్కలేదు. "నాన్నా, నువ్వు పోవద్దు, ఆ గుంపులోనే అంటుకుంటది" అని కొందరు. "అన్నా, ఎట్లాగైనా ఓ పొట్లం సంపాదించు" అని మరికొందరు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి మిగతా మందుకు అనుమతి ఇచ్చింది.

అప్పటి వాదనలో ఒక విచిత్రం గమనించాను. మందు పనిచేసిందని చెప్పడానికి కోలుకున్నవాళ్ల వీడియోలు చాలు అనుకునేవాళ్లను ఇక్కడ ఆపింది డాక్టర్లు కాదు, టీకా ప్రయోగంలో చేరిన మామూలు మనుషులు. ప్రయోగంలో కొందరికి మందు లేని సూది వేస్తారని, ఎవరికి ఏది పడిందో వేసేవాళ్లకు కూడా తెలియదని వాళ్లకు అనుభవం. తనకు పడింది అసలుదో కాదో తెలియకుండా నెలలు గడిపిన మనిషి ఇలా అడిగాడు: "మందు తాగనోళ్లు కూడా చానామంది కోలుకున్నారు కదా? వాళ్ల వీడియో ఎవరు తీసినారు?" ఆనందయ్యను తిట్టాల్సిన పనిలేదు, పూజించాల్సిన పనీ లేదు. డబ్బు తీసుకోకుండా పంచాడు, జనం నమ్మారు. మందు పనిచేస్తుందో లేదో తేల్చాలంటే మాత్రం రెండు వరసలు కావాలి, కృష్ణపట్నంలో ఉన్నది ఒక్క వరసే.

హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు అదే ఏడాది నవంబరులో బహ్రెయిన్ అనుమతి ఇచ్చింది. మూడో దశ ఫలితాలు రాకముందే జనవరిలో మన దేశం దానికి పచ్చజెండా ఊపిందన్న విమర్శ అప్పటికే ఉంది. ఆ విమర్శ న్యాయమే. కానీ నవంబరు వార్త వచ్చిన రోజు అద్లియాలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఊళ్లో కోవాగ్జిన్ వేసుకుని సెలవులో చిక్కుకుపోయినవాళ్లు ఇక తిరిగి రావచ్చన్నదే వాళ్లకు వార్త.

ముత్యం పోయిన ఏడు

ఏఐ గురించి ఇప్పుడు ప్రతి చోటా మాట్లాడుతున్నారు. బహ్రెయిన్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం ఒక పాత కథ పక్కన పెట్టుకోవాలి. టెక్నాలజీ వచ్చి బతుకుతెరువు ఊడగొట్టడం ఈ దీవికి కొత్త కాదు.

నూనె రాకముందు బహ్రెయిన్ బతుకంతా ముత్యమే. వేసవి నెలల్లో వందలాది పడవలు సముద్రంలోకి వెళ్లేవి. ముక్కుకు బిళ్ల తగిలించుకుని, కాలికి బండ కట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లు. పడవ యజమాని దగ్గర ముందే బయానా తీసుకునేవారు. సీజను అయిపోయేసరికి సంపాదన బయానాకే చాలేది కాదు. అప్పు మళ్లీ వచ్చే ఏటికి, కొన్నాళ్లు తండ్రి నుంచి కొడుక్కి కూడా వెళ్లింది. ఈ భాగం చెబుతుంటే మనవాళ్లు తలలూపుతారు. వీసా కోసం ఊళ్లో తెచ్చిన అప్పు తీరేసరికి వీసా గడువు తీరడం వాళ్లకు తెలిసిన లెక్కే.

1912 ప్రాంతంలో ముత్యాల వ్యాపారం శిఖరానికి చేరింది. అప్పటికే జపానులో మికిమోతో కోకిచి ఆల్చిప్పలో చిన్న పూస పెట్టి ముత్యాన్ని పెంచే పనిలో ఉన్నాడు. 1893లో సగం గుండ్రని ముత్యం సాధించాడు. 1920ల నాటికి గుండ్రని పెంపుడు ముత్యాలు యూరపు బజార్లలోకి వచ్చిపడ్డాయి. పారిస్ నగల వ్యాపారులు అవి దొంగ ముత్యాలని గగ్గోలు పెట్టారు, కోర్టుకెక్కారు. ఆపలేకపోయారు. 1929 ఆర్థిక మాంద్యం కూడా తోడై గల్ఫు ముత్యం కుప్పకూలింది. పడవలు ఒడ్డుకెక్కాయి.

బహ్రెయిన్ ఏం చేసింది? పెంపుడు ముత్యాల వ్యాపారాన్ని నిషేధించింది. ఆ నిషేధం ఈనాటికీ అమల్లో ఉంది. 2017లో 'దానాత్' అనే పరీక్షా సంస్థను పెట్టారు. ముత్యాన్ని ఎక్స్‌రే తీస్తే పెంపుడుదానిలో పూస గుండ్రంగా విడిగా కనబడుతుంది. సహజమైనదానిలో పొరలు నడిమధ్య దాకా ఉంటాయి. ముహర్రక్‌లోని ముత్యాల వర్తకుల పాత వాడలను 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. సహజ ముత్యానికి ఇప్పుడు పెద్ద ధర.

కథ ఇంతటితో ఆపితే సుఖాంతం. కానీ నిషేధం కాపాడింది ముత్యం పేరును. మునిగేవాణ్ని అది కాపాడలేదు. 1932లో జబల్ దుఖాన్ దగ్గర నూనె పడింది, అరబ్బు తీరంలో అదే మొదటి బావి. ముత్యాల మనుషులు కొందరు ఆ కంపెనీలో కూలీలుగా చేరారు. ఆ బావి అప్పుడే దొరకడం అదృష్టం, అంతకు మించి దానికి వేరే పేరు లేదు.

హైదరాబాదును ముత్యాల నగరమంటాం. నిజాం నగల్లోని సత్‌లడా హారం గల్ఫు నీళ్ల ముత్యాలతో కట్టిందే. ఇవాళ చార్మినార్ చుట్టూ దుకాణాల్లో అమ్మేవి మాత్రం చాలావరకు బయటి దేశాల్లో పెంచిన ముత్యాలు. హైదరాబాదు వ్యాపారం నిలబెట్టుకుంది. బహ్రెయిన్ అసలుదనం నిలబెట్టుకుంది. రెండిట్లో ఏది తెలివైన పనో నేను తేల్చలేను. తగువు జోరు మీదున్నప్పుడు ఈ ప్రశ్న వేస్తే మాత్రం అరగంట గడిచిపోతుంది.

ఈ కథ నేను చెప్పింది ఒక అకౌంటెంటుకు. అద్లియాలో రెండు మూడు హోటళ్ల బిల్లులు, జీతాలు, వ్యాట్ లెక్కలు చూసే గోదావరి జిల్లా మనిషి. ఈ మధ్య ఆయన యజమాని కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. బిల్లు ఫొటో తీస్తే అదే పద్దు రాసుకుంటుంది. మూడు రోజుల పని మూడు గంటల్లో అయిపోతోంది. "బాగానే ఉందండి, తప్పులు కూడా పట్టేస్తోంది" అన్నాడు మొదట. తర్వాత, "2025 జూలైలో టీసీఎస్ వాళ్లు పన్నెండు వేల మందిని తీసేస్తామన్నారు కదండి. ఏఐ వల్ల కాదంటున్నారు, నైపుణ్యాలు సరిపోక అంటున్నారు. ఎందువల్లయితేనేం, మా తోడల్లుడి కొడుకు ఇంట్లో కూర్చున్నాడండి." ముత్యం కథ విన్నాక ఆయన అడిగిన ప్రశ్న ఒకటే: "వాళ్లకి నూనె బావి పడింది. మరి మాకు ఏది పడుద్దండి?"

ఏఐ మీద వస్తున్న బోలెడు వ్యాసాల్లో సగం జరిగే మేలు గురించి, సగం ప్రళయం గురించి. ఈయన ప్రశ్నకు రెండిట్లోనూ జవాబు లేదు. కొత్త పనులు పుడతాయంటారు నిపుణులు. పుడతాయేమో. ముత్యాలు పోయిన ఏటికీ నూనె పడిన ఏటికీ మధ్య ఆకలితో గడిపినవాళ్లకు ఆ మాట ఎవరు చెప్పగలరు? గల్ఫులో ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. కొత్త పని నేర్చుకునే వ్యవధి బెంగళూరు కుర్రాడికి ఉన్నంత ఈయనకు లేదు.

ఈ తగువులో వంటింటివాళ్లు మాత్రం ధీమాగా ఉంటారు. "ఏఐ వచ్చి ఉల్లిగడ్డలు కోస్తదా?" అని జగిత్యాల తమ్ముడు నవ్వుతాడు. చదువుకున్న ప్రతివాడూ తనకంటే మేలైన బతుకు బతుకుతున్నాడని ఇన్నాళ్లూ అనుకున్న మనిషికి ఆ నవ్వు దక్కడంలో న్యాయముంది.

విశాఖకు వస్తున్న యంత్రాలు

2019 జూలైలో అమెజాన్ తన డేటా సెంటర్లను మధ్యప్రాచ్యంలో మొట్టమొదట బహ్రెయిన్‌లోనే తెరిచింది. ఆరేళ్ల తర్వాత, 2025 అక్టోబరు 14న, విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతానని ప్రకటించింది. 2026 నుంచి 2030 దాకా అయిదేళ్లలో, ఒక గిగావాట్ స్థాయిలో. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు వార్తల్లోకెక్కాయి. రాయితీలు ఇరవై రెండు వేల కోట్లంటూ కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే విసురు విసిరితే, ఆంధ్ర వంటలే కాదు, మా పెట్టుబడులు కూడా ఘాటే, పొరుగువాళ్లకు మండుతున్నట్టుంది అని నారా లోకేశ్ చెణుకు విసిరారు. అద్లియాలో ఆ చెణుకుకు పెద్ద గిరాకీ. వంటవాళ్ల పేట కదా.

నవ్వులయ్యాక లెక్కలు మొదలయ్యాయి. ఇక్కడ డేటా సెంటర్ల సంగతి కాస్త తెలిసిన నెట్‌వర్క్ ఇంజినీరు చెప్పింది సూటిగా ఉంది. కట్టేటప్పుడు వేల మందికి పని. కట్టాక లోపల మనుషులు తక్కువ, కరెంటు ఎక్కువ, చల్లదనం కోసం నీళ్లు. బహ్రెయిన్‌లో నది లేదు, తాగే నీళ్లు చాలావరకు సముద్రం నుంచి తీసి శుద్ధి చేసినవి. ప్రతి చుక్కకూ ఖరీదుంది కాబట్టి నీటి సంగతి ముందే లెక్క వేసుకోక తప్పదు. విశాఖలో ముడసర్లోవ ఉంది, మేఘాద్రిగడ్డ ఉంది, వానలున్నాయి. నీళ్లు ఉన్నచోటే వాటి లెక్క ఎవరూ అడగరన్నది ఆయన భయం.

అనకాపల్లి కుర్రాడు ఒప్పుకోలేదు. "మా వైపు ఏదొచ్చినా ఏదో ఒకటి అంతారు గానీ, ఏమీ రాకపోతే మీరేమైనా ఇస్తారేటి? మా వోళ్లందరూ ఇలా గల్ఫులో గిన్నెలు తోముకోవాల్నా?" భూమి ధరలు పెరిగాయని, తన తండ్రికి ఉన్న కొద్దిపాటి చెక్కకు విలువొచ్చిందని అతని సంబరం. నేను ఇంజినీరు పక్షం. డేటా సెంటర్లు రావాలి, కానీ నీళ్లెన్ని, కరెంటెంత, శాశ్వత ఉద్యోగాలెన్ని అన్న మూడు అంకెలు ఒప్పందంలో రాసి ఊరి పంచాయతీ గోడకు అంటించాలి. అలా అని ఆ కుర్రాడి కోపాన్ని అజ్ఞానమని కొట్టిపారేయలేను. అద్లియాలో నిలబడి చూస్తే, ఊళ్లో ఒక పరిశ్రమ వస్తుందనే వార్త తిరుగు టికెట్టులా కనబడుతుంది.

నెలవంక, గ్రహణం

ఎండ గురించి పెద్ద వాదన లేదు, అందరూ ఒకే పక్షం. తేమతో కలిసిన వేడి ఒక హద్దు దాటితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా బతకలేడని, ఆ హద్దు 35 డిగ్రీల వెట్‌బల్బు ఉష్ణోగ్రత అని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తర్వాత మనుషుల మీద చేసిన పరీక్షల్లో శరీరం అంతకంటే తక్కువ దగ్గరే చేతులెత్తేస్తుందని తేలింది. బహ్రెయిన్‌లో వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయట పని చేయించకూడదు. ఇదివరకు రెండు నెలలున్న ఆ నిషేధాన్ని 2025 నుంచి మూడు నెలలు చేశారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా. సెంట్రింగ్ పనివాళ్లు దీన్ని సైన్సు వార్తగా చూడరు. నాలుగింటి తర్వాత కూడా ఇనుము చేతులు కాలుస్తుందని మాత్రం అంటారు.

రంజాన్ ముందు ఏటా ఇక్కడ ఒక చర్చ నడుస్తుంది. ఖగోళ లెక్కల ప్రకారం నెలవంక ఎప్పుడు పుడుతుందో నిమిషాలతో సహా ముందే తెలుసు. అయినా కంటితో చూసినవాళ్ల సాక్ష్యం కోసం ఎదురుచూస్తారు. దీన్ని చూసి ముసిముసిగా నవ్వే మనవాళ్లను కర్నూలు సాయిబు ఒకాయన నిలదీశాడు: "2023లో మీ దసరా అక్టోబరు 23నా, 24నా? పంచాంగాలు తగువులాడుకుంటే ప్రభుత్వాలు సెలవులు మార్చుకోలేదా?" నవ్వినవాళ్లు గమ్మునైపోయారు. సంక్రాంతి కూడా మెల్లమెల్లగా జరుగుతోంది. మన లెక్కలో ఏడాది రుతువుల ఏడాది కంటే సుమారు ఇరవై నిమిషాలు ఎక్కువ కాబట్టి, డెబ్బై రెండేళ్లకు ఒక రోజు చొప్పున ముందుకెళుతుంది. ఆకాశాన్ని చూసి రాసిన దృక్‌సిద్ధ పంచాంగం ఒకటి, పాత సూత్రాలతో గుణించింది ఇంకొకటి. నెలవంక దగ్గర ఎదురెదురుగా నిలబడ్డ కన్నూ లెక్కా మన దగ్గరా ఎప్పటినుంచో ఉన్నవే.

ఇప్పుడు కొత్త చర్చ 2027 ఆగస్టు 2 గురించి. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. ఈజిప్టులోని లక్సర్, సౌదీలోని జెద్దా, మక్కా నగరాల మీదుగా చీకటి నడుస్తుంది. బహ్రెయిన్‌లో పాక్షికమే, కానీ మధ్యాహ్నం వేళ. అంటే సరిగ్గా ఎండలో పని చేయించకూడని గంటల్లో. కర్నూలు సాయిబు అప్పటికి సౌదీ వంతెన దాటి ఉమ్రాకు వెళ్లే ఆలోచనలో ఉన్నాడు. కోనసీమ అక్క ఆ పూట వండిన అన్నం తినకూడదంటుంది. హోటలు వాళ్లు అద్లియాలో ఆ రోజు మధ్యాహ్న భోజనం పెట్టకపోతే ఓనరు ఊరుకుంటాడా అని అడుగుతారు.

ఇక రోకలి సంగతి. గ్రహణం పట్టినప్పుడు పళ్లెంలో రోకలి నిటారుగా నిలబడుతుందని ఊరి నుంచి ఎప్పుడూ వీడియోలు వస్తాయి. అడుగు చదునుగా ఉన్న రోకలి ఏ రోజైనా నిలబడుతుందని జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా నిలబెట్టి చూపించారు. కడప ఎలక్ట్రీషియన్ ఈ తగువును ఇక్కడే తేల్చేద్దామంటున్నాడు. గ్రహణానికి వారం ముందొకసారి, గ్రహణం రోజొకసారి, వారం తర్వాత ఇంకోసారి, ముగ్గురు సాక్షుల ముందు. పద్ధతి బాగానే ఉంది. చిక్కల్లా సరంజామా దగ్గరే. అద్లియా కోల్డ్ స్టోర్లలో మునక్కాయలు, గోంగూర, ఆవకాయ సీసాలు దొరుకుతాయి గానీ రోకలి దొరకదు. సెలవుకు వెళుతున్న జగిత్యాల తమ్ముణ్ని ఒకటి తెమ్మన్నారు. అతను లగేజీ బరువు లెక్క వేసుకుంటున్నాడు. రోకలి తెస్తే సకినాలు తగ్గించాలట, ఎన్ని తగ్గించాలన్న దగ్గర ఇంకా బేరం తెగలేదు.